విండోస్ అంటే ఏ విండోస్?

మన కంప్యూటరు గది ఉంటుందా, పోతుందా అని హాస్టల్లో రోజుకొక మాట నడుస్తోంది. మెస్సులో ఒక మాట, కుళాయి దగ్గర ఇంకో మాట. ఈ నెల రాసే వంతు నాకు వచ్చింది గనుక ఆ సంగతే రాస్తున్నాను. విన్నది కాదు, మేము చూసింది రాస్తున్నాను.

దసరా సెలవుల తర్వాత కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఒకరు టౌను నుంచి వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి ఒకసారి చూసి, “విండోస్ అయిపోయిందండీ. ఇవన్నీ ఇంక స్క్రాపే. తీసేసి కొత్తవి వేయించుకోండి. స్కూలుకైతే ప్రోనే వేయాలి, మామూలుది పనికిరాదు” అన్నారు. ఆయన చెప్పిన లెక్క విని మేడమ్ గారు ఏమీ మాట్లాడలేదు. ఆయన వెళ్ళాక, ఆ గది ఖాళీ చేస్తే బియ్యం బస్తాలకు బాగుంటుంది గదా అని ఎవరో అన్నారు. స్టోరు గది వానకు కారుతున్న మాట నిజమే. కానీ మా తొమ్మిదో తరగతి వాళ్ళకు గుండె జారిపోయింది. మాది యానాది కాలనీ. మా ఇంట్లో గానీ మా కాలనీలో గానీ కంప్యూటరు లేదు. ఈ గది పోతే మాకు ఇంక ఎక్కడా లేదు.

కంప్యూటరు సారు మాత్రం కంగారు పడలేదు. “అయిపోయింది అంటే ఏది అయిపోయింది? ఏ విండోస్? ముందు మన దగ్గర ఏమేమి ఉన్నాయో రాయండమ్మా” అని ఒక పొడుగు రిజిస్టరు, స్కేలు చేతికిచ్చారు. నేను, ఇంకో ఇద్దరం కలిసి మూడు సాయంత్రాలు కూర్చుని రాశాము.

రాయడం మొదలుపెడితే తెలిసింది, విండోస్ అనేది ఒక్క సరుకు పేరు కాదని. మా అమ్మ ఏటా మిరపకోతలకు పోతుంది. తర్వాత కల్లాల్లో తాలు ఏరడానికి కూడా పోతుంది. కొత్తవాళ్ళకు కల్లంలో ఉన్నదంతా ఎర్రటి మిరపకాయే. అమ్మకు మాత్రం తేజ వేరే, 334 వేరే, 341 వేరే. నంబరు 5, డీడీ, బాడిగ, ఆర్మూరు అన్నీ వేరే. తేజ సన్నగా, పొట్టిగా ఉండి నోరు మండించేస్తుంది. బాడిగ ముడతలు పడి ఉంటుంది, రంగెక్కువ, కారం తక్కువ. ఒక్కో రకంలో మళ్ళీ డీలక్సు, మీడియం, తాలు అని గ్రేడులు. ఈ ఏటి కొత్త కాయ ఒక రేటు, కోల్డ్ స్టోరేజిలో దాచిన ఏసీ కాయ ఇంకో రేటు. గుంటూరు యార్డుకు పోయి “మిర్చి ఎంత?” అని అడిగితే నవ్వుతారు. ఏ మిర్చి అని అడుగుతారు.

విండోస్ కూడా అంతే. మొదట చూడాల్సింది అంకె. దాన్ని వెర్షను అంటారు. అది ఏ ఏటి పంటో చెబుతుంది. 7 వచ్చింది 2009లో, 8 వచ్చింది 2012లో, 10 వచ్చింది 2015లో, 11 వచ్చింది 2021లో. తొమ్మిది లేనే లేదు. ఎనిమిది తర్వాత పదికి దూకారు. ఆరో తరగతి చెల్లి ఒకామె “తొమ్మిది ఫెయిలయిందా అక్కా?” అని అడిగింది. మేము తొమ్మిదో తరగతి కదా, మాకు నవ్వు రాలేదు.

అంకె పక్కన ఒక మాట ఉంటుంది. హోమ్, ప్రో, ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్ లాంటివి. దాన్ని ఎడిషను అంటారు. అది గ్రేడు లాంటిది. ఇవి గాక 32 బిట్టా, 64 బిట్టా అని ఒకటి. విండోస్ 11లో 64 తప్ప ఇంకొకటి లేదు. ఇవి కూడా చాలవన్నట్టు 22హెచ్2 అని ఒక గుర్తు ఉంటుంది. 22 అంటే 2022, హెచ్2 అంటే ఆ ఏడాదిలో రెండో సగం. విండోస్ 10లో చివరిది అదే. ఇన్ని కలిపితే గానీ ఒక యంత్రం పేరు పూర్తి కాదు. మనమేమో “విండోస్ ఉంది” అనేసి ఊరుకుంటాము.

ఇది తెలుసుకోవడానికి సారు ఒక కిటుకు చెప్పారు. మీరూ చేసి చూడండి. విండోస్ గుర్తున్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని ఆరు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాలి. అప్పుడు అదే తన వెర్షను, ఎడిషను చెబుతుంది. యార్డులో టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి అరచేతిలో పోసుకుని చూసినట్టన్నమాట.

అలా చూస్తే 1వ నంబరు యంత్రం విండోస్ 7 హోమ్ బేసిక్ అని తేలింది. 32 బిట్, 2 జీబీ ర్యామ్. విండోస్ 7కు 2020 జనవరి 14తోనే కంపెనీ వారి సహాయం ఆగిపోయింది. అంటే టౌను ఆయన లెక్క ప్రకారం అది అయిపోయి అయిదేళ్ళు దాటింది. మేము కీబోర్డు మీద వేళ్ళు పెట్టడం నేర్చుకున్నది దాని మీదే.

ఇక్కడ “అయిపోవడం” అంటే ఏమిటో రాయాలి, ఎందుకంటే ఎక్కువ భయం ఈ మాటతోనే వచ్చింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సహాయం ముగిసిన మాట వాస్తవమే. ఆ రోజు యంత్రాలు ఆగిపోలేదు. మరుసటి రోజు కూడా మా క్లాసు జరిగింది. ముగిసింది ఏమిటంటే, లోపల కన్నం ఏదైనా బయటపడితే కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపే మరమ్మతు ఇంక మామూలుగా రాదు. చేనుకు మందు కొట్టడం ఆపేస్తే ఆ పూటే చచ్చిపోదు గదా. పురుగు వచ్చిన రోజున అడ్డం ఏమీ ఉండదు, అంతే. కాబట్టి ఇంటర్నెట్టుకు కలిపితే ప్రమాదం. కలపకుండా టైపింగు నేర్చుకుంటే ఆ ప్రమాదం చాలా తక్కువ. పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు మాత్రం చూసుకోవాలి.

2, 3 నంబర్లు విండోస్ 10 ప్రో. 4వది విండోస్ 10 హోమ్ సింగిల్ లాంగ్వేజ్. 5వది చూసి మేము ముగ్గురం కేక వేశాము. అది విండోస్ 11! విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్. అది మన గదికి ఆఖరున వచ్చింది. అన్నీ స్క్రాపే అన్న ఆయన దాన్ని తెరిచి చూడనే లేదు.

సింగిల్ లాంగ్వేజ్ అనే మాట మీద పెద్ద గొడవ అయింది. పదో తరగతి అక్క ఒకామె, “సింగిల్ అంటే ఒకటే భాష. అందులో తెలుగు రాయడం కుదరదు, మన తెలుగు ప్రాజెక్టులు ఎలాగ?” అంది. సగం హాస్టలు ఆ మాట నమ్మింది. మేము 4వ నంబరు మీద తెలుగు కీబోర్డు కలిపి “మా పాఠశాల” అని కొట్టాము. చక్కగా వచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచే గౌతమి అనే తెలుగు అక్షరాలు లోపల ఉంటున్నాయట. ఆ ఎడిషనులో ఒకటే భాష అనేది మెనూలకు సంబంధించింది. యంత్రం మనతో మాట్లాడే భాష ఒకటే, మనం దాంట్లో రాసుకునే భాషలు ఎన్నయినా ఉండొచ్చు. 2వ నంబరు ప్రో గనుక దానికి తెలుగు కలిపితే మెనూలు కూడా తెలుగులో వచ్చాయి. 4వ దానిలో అలా రావు. పేరు పెట్టినవాళ్ళు ఇంకొంచెం తెలిసేలా పెట్టాల్సింది.

6వ నంబరు గురించి రాసే ముందు మా నాయన గురించి రాయాలి. నాయన ఒక ఎకరం కౌలుకు తీసుకుని పత్తి వేస్తాడు. ఆయనకు చదువు రాదు. విత్తనాల కొట్లో ప్యాకెట్టు రంగు, బొమ్మ చూసి తెచ్చేవాడు. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. దాన్ని బీజీ ఒకటి అనేవారు. 2006లో బీజీ రెండు వచ్చింది, అందులో పురుగును చంపే జన్యువులు రెండు. ఆ రెండు జన్యువులనే ఎన్నో కంపెనీల వాళ్ళు వందల రకాల్లో పెట్టి, వందల పేర్లతో అమ్ముతారు. ఒక పేరుకూ ఇంకో పేరుకూ ఒక్కోసారి అక్షరమే తేడా. బొమ్మ మాత్రం అన్నిటి మీదా తెల్లగా పగిలిన పత్తి కాయే. ఏడో తరగతి అయిన వేసవి నుంచి నాయన నన్ను కొట్టుకు తీసుకుపోతున్నాడు. నేను పేరు, లాటు నంబరు, గడువు తేదీ పైకి చదువుతాను. నాయన వింటాడు. కొట్టాయన కూడా వింటాడు. ఒకసారి ఎవరో ఇంటికే వచ్చి తెల్ల కవరులో విత్తనాలు ఇవ్వబోయారు. గడ్డిమందు కొట్టినా మొక్క చావదన్నారు. ఆ రకం పత్తికి మన దేశంలో అనుమతి లేదు. కవరు మీద చదవడానికి ఒక్క అక్షరం లేదు. “రాత లేనిది నాకొద్దయ్యా” అన్నాడు నాయన. చదువు రాని మనిషి నోట ఆ మాట విన్నప్పటి నుంచి రాత ఉన్నచోటల్లా ఆగి చదవడం నాకు అలవాటయింది.

కానీ 6వ నంబరు మీద రాత ఉంది, ఆ రాత వేరే చెబుతోంది. డబ్బా మీద స్టిక్కరులో విండోస్ 8 అని ఉంది. లోపల చూస్తే విండోస్ 10 హోమ్! నాతో రాస్తున్న అమ్మాయి, ఎవరో స్టిక్కరు మార్చారు, దొంగపని అంది. సారు నవ్వి చెప్పారు. 2015లో 10 వచ్చినప్పుడు మొదటి ఏడాది పాటు 7, 8.1 ఉన్నవాళ్ళకు దాన్ని ఉచితంగా ఇచ్చారట. 8 ఉంటే ముందు 8.1 చేసుకుని తర్వాత 10కి మారేవారట. లోపల మారింది, బయట స్టిక్కరు అలాగే ఉండిపోయింది. కాబట్టి రిజిస్టరులో రెండు గళ్ళు గీశాము. ఒకటి “బయట రాసింది”, ఇంకొకటి “లోపల ఉన్నది”.

ఎడిషన్లు ఎందుకు పెట్టారు అనే సందేహం మాకు అప్పుడే వచ్చింది. విండోస్ 7కు ఆరు ఎడిషన్లు ఉండేవి: స్టార్టర్, హోమ్ బేసిక్, హోమ్ ప్రీమియం, ప్రొఫెషనల్, ఎంటర్‌ప్రైజ్, అల్టిమేట్. వీటిలో హోమ్ బేసిక్ మన దేశం లాంటి దేశాల్లోనే అమ్మారు. మన 1వ నంబరు అదే. అందులో కిటికీల అంచులు అద్దంలా మెరవవు. అంతకన్నా కింది మెట్టు స్టార్టర్. అందులో తెర వెనక బొమ్మ, అంటే గోడకాగితం, మార్చుకోవడానికి వీలు లేదు. మన గోడపత్రిక నెలకోసారి మారుతుంది, ఆ గోడ మాత్రం మారదు! దానికన్నా ముందు ఎక్స్‌పీలో కూడా ఒక స్టార్టర్ ఉండేది. మన దేశంలో 2005లో హిందీలో తెచ్చారు. అందులో ఒకేసారి మూడు ప్రోగ్రాములే తెరవనిచ్చేవారు. నాలుగోది తెరవాలంటే ఒకటి మూసేయాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు, డబ్బు తక్కువ ఉన్నవాళ్ళకు అని అలా చేశారట.

నాకు అది నచ్చలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మూడు చాలని ఎవరు కొలిచారు? హాస్టల్లో చేరినప్పుడు నా దరఖాస్తులో “మొదటి తరం విద్యార్థిని” అని రాశారు. మొదటి తరమని నాకు మూడే పాఠాలు చెప్పలేదు గదా.

ఆదివారం అమ్మ చూడడానికి వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. హోమ్ ఉన్న యంత్రంలో డబ్బు కట్టి తెచ్చుకున్న 25 అక్షరాల తాళం కొడితే అదే ప్రో అయిపోతుంది, పెద్దగా కొత్త సరుకు తెచ్చి పోయక్కర్లేదు అని కూడా చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, “డీలక్సు కాయకు రంగు ఉంటది, తాలు కాయకు రంగు పోయి ఉంటది. అందుకని రేటు తేడా. ఇదేందమ్మా, అంతా ఒకే కుప్ప, కొన్నిటికి మూత బిగించి తక్కువకిస్తున్నారా?” అంది. నేను ఔనన్నాను. పక్కనున్న నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. “రాసినవాళ్ళకు జీతాలు ఇవ్వాలి గదా. ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ, లేనివాళ్ళ దగ్గర తక్కువ తీసుకోవాలంటే ఏదో ఒక తేడా చూపించాలి. లేకపోతే అందరూ తక్కువదే కొంటారు” అంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. ఆ కంపెనీకి 2014 నుంచి పెద్ద అధికారిగా ఉన్న సత్య నాదెళ్ల గారు హైదరాబాదులో పుట్టి, బేగంపేటలో చదువుకున్నవారు. ఎప్పుడైనా మన వైపు వస్తే ఈ సంగతి అమ్మ చేతనే అడిగిస్తాను.

ఇంక ప్రో సంగతి. ప్రోలో ఎక్కువ ఉన్నవి ఏమిటని అడిగితే సారు కొన్ని చెప్పారు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్, దూరం నుంచి ఆ యంత్రాన్ని నడిపే వీలు, వందల యంత్రాలను ఒక సర్వరుకు కట్టి ఒకే చోట నుంచి అదుపు చేయడం. పెద్ద ఆఫీసులకు అవి కావాలి. ఆరు యంత్రాల మన గదికి వాటి కోసం డబ్బు పెట్టక్కర్లేదు. ఎక్సెల్, పెయింట్, టైపింగు హోమ్‌లో ఎలా ఉంటాయో ప్రోలోనూ అలాగే ఉంటాయి. రెండిటి మీదా చేసి చూశాము.

మరి వేటిని 11కి మార్చొచ్చు? దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎమ్ 2.0 అనే భద్రత చిప్పు కావాలి. ప్రాసెసరు ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే ఒప్పుకుంటారు. యంత్రాలకు కూడా తరాలు చూస్తారన్నమాట! పీసీ హెల్త్ చెక్ అనే కంపెనీ వారి ప్రోగ్రాము పెట్టి ఒక్కొక్కటి చూశాము. 4వ నంబరు పాసయింది. దాన్ని పైసా ఖర్చు లేకుండా 11కి మార్చుకోవచ్చు, ఎడిషను మాత్రం అదే సింగిల్ లాంగ్వేజ్ ఉంటుంది. 2, 3, 6 పాసవలేదు. ప్రో అయినా సరే పాసవలేదు, చూశారా? గ్రేడు పెద్దదయినంత మాత్రాన పంట కొత్తది కాదు. టౌను ఆయన ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడారు.

ఆ మూడిటికీ దారులు ఉన్నాయి. విద్యాసంస్థలు విండోస్ 10 భద్రతను మరో మూడేళ్ళ దాకా పొడిగించుకోవచ్చు. మొదటి ఏడాది యంత్రానికి ఒక డాలరు, రెండో ఏడాది రెండు, మూడో ఏడాది నాలుగు. అది సంస్థ పేరు మీదే తీసుకోవాలి. రెండో దారి లినక్సు. ప్రభుత్వ సంస్థ సీడాక్ వారు చేసిన బాస్ అనే లినక్సు 2007 నుంచి ఉంది, అందులో తెలుగూ ఉంది. సారు దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి 3వ నంబరుకు పెట్టారు. లోపలున్న విండోస్‌ను ముట్టుకోకుండానే నడిచింది. దీనిలోనూ ఎడిషన్లు ఉన్నాయి, బడుల కోసం ఎడ్యుబాస్ అని వేరే ఉంది. మళ్ళీ మొదలా అని మేము తల పట్టుకున్నాము. కానీ వాటికి తాళం లేదు, ధర లేదు. ఏది కావాలంటే అది తెచ్చి వేసుకోవచ్చు. మెనూలు వేరే చోట ఉండి మొదటి రోజు చిరాకు పుట్టింది. రెండో రోజు ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు మా కన్నా ముందే అలవాటు పడిపోయారు. రేపు పోటీ పరీక్షలకు, ఉద్యోగాలకు వెళ్ళినప్పుడు విండోస్ కూడా వచ్చి ఉండాలి గనుక అన్నిటినీ లినక్సు చేయకూడదని నా అభిప్రాయం.

రిజిస్టరు మేడమ్ గారికి ఇచ్చాము. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. “బయట రాసింది, లోపల ఉన్నది” గళ్ళ దగ్గర ఆగి, “ఇది ఎవరి ఆలోచన?” అని అడిగారు. మేము ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాము. తర్వాత మేడమ్ గారు పై ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి, మా పట్టిక నకలు దానికి జత చేశారు. జవాబు ఇంకా రాలేదు. బియ్యం బస్తాలు ఇప్పటికి వరండాలో బల్లల మీద ఉన్నాయి, పైన పట్టా కప్పారు.

జవాబు వచ్చే దాకా ఏర్పాటు ఇది. 4, 5 నంబర్లకే ఇంటర్నెట్టు. 1, 2, 6 నంబర్ల వైరు తీసేసి ఉంచాము, వాటి మీద టైపింగు, లెక్కల పట్టికలు. 3వ నంబరు మీద లినక్సు నేర్చుకోవచ్చు. రిజిస్టరు తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది. కూర్చునేవాళ్ళు తేదీ, యంత్రం నంబరు రాసి సంతకం పెట్టాలి. గురువారం ఏడో తరగతి వాళ్ళ వంతు, శుక్రవారం మాది. 6వ నంబరు మీద స్టిక్కరును ఎవరూ గోళ్ళతో గీకవద్దని సారు చెప్పమన్నారు.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని